ఎంటర్ నొక్కిన చెయ్యి

"నేను చెప్పేదాంక స్టార్టర్ ముట్టకు" అన్నాడు మా ఆయన.

"నేనెందుకు ముడ్త గనీ, నువ్వు జల్ది రా. బువ్వ సల్లగైతది" అన్నాను నేను.

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఎల్లారెడ్డి బయట మాకున్న ఎకరన్నర చెలకలో బోరు మోటారు వైరు కాలిపోయింది. కరెంటు పోయి ఉంది. ఆయన వైరు కలపడానికి వంగాడు. నేను స్టార్టరు డబ్బా పక్కన నిలబడ్డాను. నేను దేన్నీ ముట్టలేదు. కానీ ఆ డబ్బాలో ఆటో అని ఒక చిన్న మీట ఉంటుందనీ, కరెంటు రాగానే మోటారు తనంతట తాను నడవడానికి రైతులు దాన్ని పెట్టించుకుంటారనీ, వైరు ముట్టేముందు దాన్ని దించాలనీ నాకు తెలియదు. ఆయనకు తెలుసు. ఆ రోజు మరిచాడు. కరెంటు వచ్చింది. అంతే. దాని గురించి ఇంతకన్నా చెప్పలేను.

ఆ రోజు నుంచి మీట అన్నదాన్ని నేను వేలితో ముట్టలేదు. ఫ్యాను వెయ్యాలన్నా, బల్బు ఆర్పాలన్నా పప్పుగుత్తి తిరగేసి దాని కట్టెతో ఒత్తేదాన్ని. చూసినవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వనీ అనుకునేదాన్ని.

ఇది రాస్తున్నది నా ఒక్కగానొక్క బిడ్డ. కామారెడ్డిలో మందుల చదువు చదువుతోంది. మందులమ్మే చదువు కాదు, కొత్త మందులు కంప్యూటర్‌లో వెతికే చదువు. ఇప్పుడు తన వెనకాల వచ్చిన పిల్లల కోసం ఒక చిన్న పుస్తకం తయారు చేస్తోంది. "అమ్మా, నల్ల తెర మీద పని నువ్వెట్ల నేర్చుకున్నవో నీ నోటితోనే చెప్పు. మూడో తరగతి చదివిన మా అమ్మనే నేర్చుకున్నదంటే వాళ్ల భయం పోతది" అంది. సరే అన్నాను. బీడీల తంబాకు దుమ్ముతో నా గొంతు గరగరమంటుంది, ఆగి ఆగి చెప్తాను. భయం పోగొట్టే మాటలు మాత్రం నా దగ్గర లేవు. నేను భయపడ్డ సంగతి ఉంది. అదే చెప్తాను. నడుమ నన్ను ఆపొద్దు బిడ్డా. చెయ్యి నొప్పి పుట్టినా రాయి.

మొదట ఆ పని ఏమిటో చెప్పాలి. నాకు నా బిడ్డ చెప్పిన తీరుగానే చెప్తాను. రోగం తెచ్చే పురుగు ఒంట్లో ఒక సందు ఉంటుందట. ఆ సందులో గట్టిగా ఇమిడే మందు దొరికితే పురుగు పని ఆగిపోతుందట. గొడ్డలికి కామ, అదే కట్టె పిడి, వేసినట్టు అనుకున్నాను నేను. ఒక కామ వదులవుతుంది, ఒకటి పగులుతుంది, ఒకటి కొట్టిన చోట కూర్చుంటుంది. నా బిడ్డ దగ్గర ఎనిమిది వందల కామలు ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ ఆ సందులో పెట్టి చూసి, ఎంత గట్టిగా కూర్చుందో ఒక అంకె రాసి పెట్టాలి. అది మనిషి చేసే పని కాదు, కంప్యూటర్ చేస్తుంది. ఒక్కొక్కదానికి ఇరవై నిమిషాలు, అరగంట పడుతుంది. రేయింబవళ్లు రెండు వారాల పైన నడవాలి.

నడిచేది ఎక్కడ? కామారెడ్డి హాస్టలు గదిలో ఆరుగురు పిల్లలకు ఒకటే ప్లగ్గు. పగలు గదులకు కరెంటు తీసేస్తారు. అందుకని సెకండ్‌హ్యాండులో కొన్న ఆ బరువైన లాప్‌టాప్‌ను బిడ్డ మా ఇంట్లోనే పెట్టింది. దాని బ్యాటరీ పావుగంట కూడా ఆగదు. ఎల్లారెడ్డిలో కరెంటు పోతే అది ఆగిపోతుంది. ఆగిపోతే మళ్ళీ నడిపించడానికి ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే. అందుకే నేను నేర్చుకోవాల్సి వచ్చింది.

"నాతోని కాదు బిడ్డా" అన్నాను.

"అయితది. రోజుకు వెయ్యి బీడీలు చుట్టే వేళ్లు నీయి. మా క్లాసుల ఎవ్వరికి లేవు గసొంటి వేళ్లు."

"బీడీ కరువది. కరెంటు కరుస్తది."

"ఇది కరువది అమ్మా. రాసింది చేస్తది, అంతే."

"రాయనిది చెయ్యదా?"

"చెయ్యది."

"కరెంటొస్తే తనంతల తనే నడువదా?"

బిడ్డ నా వైపు తిరిగింది. నేను ఏ డబ్బాను తలుచుకుని అడుగుతున్నానో దానికి తెలుసు. "నడువది అమ్మా. నువ్వు ఎంటర్ ఒత్తెదాంక ఒక్క అక్షరం సుత కదలది" అంది మెల్లగా.

మొదటి రోజు కొంగు వేలికి చుట్టుకుని ఒత్తాను. రెండో రోజు కొంగు తీసేశాను. ఇంగ్లీషు అక్షరాలు నాకు బిడ్డ చిన్నప్పుడు దాని పలక మీద చూసినవే. అక్షరం పేరు గుర్తు రాకపోయినా మీట ఎక్కడుందో వేలికి గుర్తుంటుంది. తునికాకు కత్తిరించేటప్పుడు కూడా అంతే, కన్ను వేరేచోట ఉన్నా కత్తెర దారి తప్పదు.

బొమ్మలు లేకుండా, రాసిన మాటలతోనే కంప్యూటర్ చేత పని చేయించే ఆ నల్ల తెర ఒక ఇల్లు అంది బిడ్డ. ఇంట్లో అర్రలు, అర్రల్లో అర్రలు. దీపం లేని ఇల్లు కాబట్టి అడుగు వేసేముందు అడగాలి. పి డబ్ల్యూ డి అని రాసి ఎంటర్ ఒత్తితే 'నేను ఏ అర్రలో ఉన్నాను' అని అడిగినట్టు. ఎల్ ఎస్ అంటే 'ఇక్కడ ఏమేమున్నాయి'. సి డి అని రాసి అర్ర పేరు రాస్తే ఆ అర్రలోకి పోతాం. సి డి రాసి రెండు చుక్కలు పెడితే బయటి అర్రకు వస్తాం. పేరు పొడుగ్గా ఉంటే మొదటి రెండు మూడు అక్షరాలు రాసి ట్యాబ్ అనే మీట ఒత్తితే మిగతాది అదే నింపుకుంటుంది. అది నాకు భలే నచ్చింది. సగం చెప్తే అర్థం చేసుకునే మనిషిలా ఉంది.

"పని అయ్యిందో లేదో ఎట్ల తెలుస్తది?" అని అడిగాను.

"తప్పయితే ఒర్రుతది. మంచిగైతే ఊకుంటది. ఏం మాట్లాడకపోతే అయినట్టే."

"మీ బాపు లెక్కనే" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ మాటనే తర్వాత నేను నమ్ముకున్నాను.

ఆఖరున ఆర్ ఎమ్ నేర్పింది. అది తీసేసే మాట. దానికి చెత్తబుట్ట లేదు, ఏరుకునేది లేదు. బీడీ ముక్క పొయ్యిలో వేసినట్టే. "ముందుగాల పి డబ్ల్యూ డి, తర్వాత ఎల్ ఎస్, ఆఖరుకు ఆర్ ఎమ్. నిలవడ్డ జాగ సూస్కోకుండ దేన్నీ తీసెయ్యద్దు. తీసేసే ముందు నాకు ఒక్కొక్క అక్షరం చదివి వినిపించాలె. గీ చుక్క గుర్తు ఉన్నది సూడు, ఆకాశంల నక్షత్రం లెక్క, ఇది పెడ్తే 'అన్నీ' అని అర్థం. దీన్ని మాత్రం నువ్వు ముట్టనే ముట్టకు" అంది. చుక్క గుర్తు ఉన్న మీట మీద ఎర్ర రంగు బొట్టుబిళ్ల అతికించింది.

ఇదంతా ఎందుకంటే ఒక సీటు కోసం. హైదరాబాద్‌లో మందులు వెతికే ఒక ల్యాబులో ఆరు నెలలు ఉంచుకుని పని నేర్పుతారు. కాలేజీ నుంచి ఒక్కరినే పంపుతామన్నాడు వాళ్ల సారు. నా బిడ్డా ఇంకొక పిల్లా, ఇద్దరే మిగిలారు. ఒక సోమవారం నాటికి ఎనిమిది వందల అంకెలు ముందు పెట్టాలి. అవి ఉంటే సీటు దానిదే అని సారు చెప్పాడట. బిడ్డ ఆదివారం తానే పని మొదలుపెట్టి కామారెడ్డి బస్సెక్కింది.

ఆ రోజు నుంచి లాప్‌టాప్ మా ఇంట్లో ఇసుర్రాయిలాగా గుయ్యిమని మోగుతూ ఉండేది. నేను ఎదురుగా కూర్చుని చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేదాన్ని. రోజూ సాయంత్రం బిడ్డ ఫోన్ చేసి "ఎన్నయినయి అమ్మా?" అని అడిగేది. ఎన్ని ఫలితాలు వచ్చాయో లెక్కచెప్పే వరుస ఒకటి ఉంది. ఎల్ ఎస్, అర్ర పేరు, నిలువు గీత, డబ్ల్యూ సి, అడ్డగీత, ఎల్. ఎంటర్ ఒత్తితే ఒక్క అంకె వస్తుంది. అంకెలు నాకు బాగా వచ్చు. నలభై, తొంభై ఎనిమిది, నూట యాభై ఒకటి. అంకె పెరిగినప్పుడల్లా ఫోన్‌లో బిడ్డ గొంతు తేలికయ్యేది. పది పదకొండు రోజులకు ఆరు వందలు దాటింది.

ఆ గురువారం పొద్దున పదింటికి కరెంటు పోయింది. ఇసుర్రాయి చప్పుడు ఆగింది. పన్నెండు దాటాక కరెంటు వచ్చింది. బిడ్డ క్లాసుల మధ్య కొద్దిసేపు దొరికించుకుని ఫోన్ చేసింది. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య పెట్టుకుని, అది చెప్పినట్టే చేశాను. మీట ఒత్తాను. నల్ల తెర తెరిచాను. పి డబ్ల్యూ డి. సి డి. ఎల్ ఎస్. కరెంటు పోయిన క్షణాన సగంలో ఆగిన ఫలితం ఒకటి ఉంటుంది, దాన్ని తీసేయాలి, లేకపోతే కంప్యూటర్ దాన్ని పూర్తయిందనుకుని వదిలేస్తుంది. దాని పేరు అక్షరం అక్షరం చదివి వినిపించాను. బిడ్డ రెండుసార్లు చదివించింది. తీసేశాను. ఆ ఎంటర్ నేనే ఒత్తాను.

తర్వాత పనిని మళ్ళీ మొదలుపెట్టే వరుస. అదీ రాశాను, చదివి వినిపించాను.

"మస్తు రాసినవ్ అమ్మా. ఇగ ఎంటర్ ఒక్కటే. ఒత్తు. బెల్లయింది, నేను పోతున్న" అంది. ఫోన్ పెట్టేసింది.

నేను ఒత్తలేదు.

ఎందుకు ఒత్తలేదో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆయన పోయిన తర్వాత నేను దేన్నీ మొదలుపెట్టలేదు. పాలివాళ్లు, అంటే మా దాయాదులు, విత్తనం వేసేటప్పుడు గట్టు మీద నిలబడేదాన్ని. బీబీపేటలో మా తల్లిగారింట్లో పెళ్లయితే పసుపు దంచే చోటికి పోకుండా వంటింట్లో ఉల్లిగడ్డలు కోసేదాన్ని. నువ్వు పక్కకు జరుగు అని నన్ను ఎవరూ అనలేదు. అనేదాకా నేను ఉండలేదు, ముందే జరిగాను. సగం ఫలితాన్ని తీసేసే ఎంటర్ నేను ఒత్తాను కదా, దానికి భయం వెయ్యలేదు. పోయేదానికి నా చెయ్యి పనికొస్తుంది, మొదలయ్యేదానికి పనికిరాదు అనుకున్నాను. రాసిన వరుస తెర మీద ఉంది. దాని చివర తెల్ల గీత ఆరుతూ వెలుగుతూ ఉంది. నేను లేచి ఎదురింటికి పోయాను.

ఎదురింటామె నాకు చెల్లెలాంటిది. భర్త, ఇద్దరు పిల్లలు, చేతుల నిండా గాజులు, మొహం నిండా పసుపు. బట్టలు పిండుతోంది.

"చెల్లె, ఒక్కపారి ఇంట్లకు రా. నీ చెయ్యితోని ఒకటి ఒత్తాలె" అన్నాను.

"ఏంది అక్కా, ఎవ్వరిదన్న లగ్గమా, పసుపు దంచాల్నా?"

"కాదు, కంపూటరు."

"అయ్యో, నాకు టీవీ రిమోటే రాదు. గది ఒత్తితే గూడ మా ఆయన ఒర్రుతడు, సీరియల్ పోయి వార్తలొచ్చినయని!"

"పెద్ద మీట ఒకటే. అంతే. పిల్ల పని మొదలుపెట్టాలె. నువ్వైతే మంచిగుంటది."

ఆమెకు అర్థమైంది. నవ్వు ఆపేసి చెయ్యి తుడుచుకుంది. "గట్లెందుకనుకుంటవ్ అక్కా, నీ బిడ్డ పని నీ చెయ్యి తాకితే కరాబైతదా?" అంది. అంటూనే నాతో వచ్చింది. వచ్చి చెప్పులు బయట విడిచి, లాప్‌టాప్ ముందు గొంతుక్కూర్చుంది. "గీ పెట్టెల ఏ దేవుడున్నడో" అని దానికి దండం పెట్టుకుంది. రెండు అరచేతులూ మీటల మీద ఆనించి కళ్లకద్దుకుంది.

అప్పుడు నేను చూశాను. ఆమె కుడిచేతి గాజులు మీటల మీద బరువుగా ఆనాయి. తెర మీద నేను రాసిన వరుస పోయింది. దాని జాగాలో ఇంకొకటి వచ్చింది, ఇంకొకటి వచ్చింది. పేకముక్కలు పడ్డట్టు వరుసలు గబగబా మారాయి. ఆమె చేతులు ఎత్తేసరికి ఒక వరుస నిలిచింది. అది నేను రాసినంత పొడుగు లేదు. ఇంగ్లీషు కలిపి చదవడం నాకు రాదు, కానీ పొడుగు తెలుస్తుంది. చివర చుక్క గుర్తు ఉంది.

ఆగు అనాలి. నోరు తెరిచాను. ముత్తైదువ మంచి పని మొదలుపెట్టబోతుంటే ముండమోపి నోట 'ఆగు' అన్న మాట రావడమా అని మనసులో ఒక ఆలోచన అడ్డుపడింది. ఆ ఒక్క క్షణం. ఆమె ఎంటర్ ఒత్తింది.

"అయ్యిందా?"

తెర ఏమీ మాట్లాడలేదు. ఒర్రలేదు. ఊరుకుంది. ఊరుకుంటే మంచిగైనట్టే అని బిడ్డ చెప్పింది కదా.

"అయ్యింది చెల్లె" అన్నాను.

"ఇగ పిల్లకు సీటొస్తే నాకు చీర వెట్టాలె" అని నవ్వుకుంటూ పోయింది.

ఆమె తప్పు ఏమీ లేదు. ఇది రాయి. ఆమెకు ఈనాటికీ తెలియదు.

నేను చాట ముందు కూర్చున్నాను. నాలుగు బీడీలు చుట్టాక తెలిసింది, ఇసుర్రాయి చప్పుడు లేదు. చెవి దగ్గర పెట్టి విన్నాను. లేదు. పని నడిస్తే అది మోగుతుంది. కొద్దిసేపటికి మోగుతుందేమో అని చూశాను. కట్ట కట్టాను, విప్పాను, మళ్ళీ కట్టాను. సాయంత్రం నాలుగు గంటలప్పుడు ఉండబట్టక లెక్క చెప్పే వరుస రాశాను. ఎంటర్ ఒత్తాను.

సున్నా.

తప్పు రాశానేమో అని మళ్ళీ రాశాను. సున్నా. మూడోసారి ఒక్కొక్క అక్షరం పైకి చదువుకుంటూ రాశాను. పొద్దున ఆరు వందల ముప్పై ఒకటి ఉన్న చోట సున్నా ఉంది. గోడకు ఆనుకున్నాను. ఆ రోజు చెలకలో స్టార్టరు డబ్బా పక్కన నిలబడ్డప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది.

ఆరు గంటలకు ఫోన్ మోగింది.

"ఎన్నయినయి అమ్మా?"

"ఆరు వందల నలభై నాలుగు" అన్నాను.

నేను ఆలోచించి చెప్పలేదు. నోట్లోంచి వచ్చింది. ఇంకా పదమూడు కలిపి చెప్పాను, ఎందుకంటే మధ్యాహ్నం నుంచి నడిస్తే అంతే అవుతాయని నాకు తెలుసు. బీడీల లెక్క వచ్చిన మనిషికి దొంగలెక్క కూడా సరిగ్గానే వస్తుంది.

"ఎంటర్ నువ్వే ఒత్తినవా? భయం కాలేదా?"

"కాలేదు."

"సూసినవా! నేను చెప్పలే!" బిడ్డ మురిసిపోయింది. పక్కనున్న పిల్లలకు చెప్పడం వినిపించింది, "మా అమ్మనే నడిపించింది" అని.

శుక్రవారం మళ్ళీ అడిగింది. ఆరు వందల తొంభై అన్నాను. శనివారం బిడ్డ వచ్చేలోపు ఏదో ఒకటి జరుగుతుందని అనుకున్నాను. ఆ అంకె మళ్ళీ వస్తుందని, నేను తప్పు అర్రలో చూశానని. పదిసార్లు పి డబ్ల్యూ డి అడిగాను. సరైన అర్రలోనే ఉన్నాను.

శనివారం మధ్యాహ్నం బస్సు దిగి వచ్చింది. సంచి కూడా దించకుండా లాప్‌టాప్ ముందు కూర్చుంది. "ఆగింది గదనే, కరెంటు పోయిందా?" అని అడిగింది. "పోయింది" అన్నాను. ఎల్ ఎస్ కూడా అడగకుండా, అలవాటుగా సగంలో ఆగిన ఫలితాన్ని తీసేసే వరుస చుక్క గుర్తు పెట్టి రాసి ఎంటర్ ఒత్తింది. తర్వాత లెక్క అడిగింది. నేను చాయ్ గ్లాసుతో గడపలో ఉన్నాను.

దాని వీపు చూశాను. వీపు బిగుసుకుపోయింది.

"అమ్మా." గొంతు చిన్నపిల్ల గొంతయింది. "అమ్మా, నేను అన్నీ తీసేసిన. ఇప్పుడే. నా చెయ్యితోనే. ఉరుక్కుంట వచ్చి జాగ సూస్కోలే."

దాని లెక్క సరిగ్గానే ఉంది. శుక్రవారం సాయంత్రం ఆరు వందల తొంభై ఉన్నాయని అమ్మ చెప్పింది. శనివారం తాను వచ్చి ఒక తీసేసే మాట రాసింది. ఇప్పుడు సున్నా ఉంది. మరి ఎవరు తీసేసినట్టు? నా అబద్ధం దాని మీద నేరం మోపింది. నేను నోరు తెరిస్తే దిగిపోయే నేరం. తెరవలేదు. ఆయన పోయేటప్పుడు నిలబడి చూశాను, బిడ్డ పని పోయేటప్పుడూ నిలబడి చూశానంటే ఇక ఇది నన్ను అమ్మా అని ఎట్లా పిలుస్తుంది అనుకున్నాను. చాయ్ గ్లాసు కింద పెట్టి దాని తల నా కడుపుకు ఆనించుకున్నాను. "పోనీ బిడ్డా" అన్నాను. అంత మాత్రమే అన్నాను.

వేరే కాపీ లేదు. మొదట్లో పెన్‌డ్రైవులో వేసుకున్న తొంభై ఉన్నాయి. సోమవారం ఆ తొంభైతోనే సారు ముందు నిలబడింది. ఏమైందంటే "నేనే తుడిచేసిన సార్" అంది. సారు తిట్టలేదట. ఆ రెండో పిల్లను హైదరాబాద్ పంపాడు.

ఇది జరిగి ఏడాది దాటింది. పోయిన నెల కామారెడ్డి ఆసుపత్రిలో నా గొంతు చూపించుకుని, బస్సుకు టైముందని కాలేజీకి పోయాను. బిడ్డ కొత్త పిల్లలకు నల్ల తెర నేర్పుతోంది. నన్ను వెనక బెంచీలో కూర్చోబెట్టింది. పి డబ్ల్యూ డి చెప్పింది, ఎల్ ఎస్ చెప్పింది. అన్నీ నాకు తెలిసినవే, నవ్వుకుంటూ విన్నాను. తర్వాత ఒక మీట చూపించింది, మీదికి బాణం ఉన్నది. "దీన్ని ఒత్తితే మీరు ఇదివరకు రాసిన వరుస తిరిగొస్తుంది. ఒత్తి పట్టుకుంటే ఎప్పుడో రాసినవన్నీ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. చూసుకోకుండా ఎంటర్ కొడితే ఎప్పటిదో పాత మాట ఇప్పుడు నడుస్తుంది" అంది. ఎంటర్ కింద, గాజులు ఆనే జాగాలోనే ఉంది ఆ మీట. పని మొదలుపెట్టక ముందు పది మందులతో పరీక్ష చేసి, ఆ ఫలితాలన్నిటినీ చుక్క గుర్తుతో తుడిచేశానని బిడ్డ ఎప్పుడో చెప్పింది నాకు. ఆ పాత మాటే తిరిగొచ్చింది. ఆ రోజు తెర మీద గబగబా మారినవి ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

ఆ వెంటనే బిడ్డ ఆ పిల్లలతో అంది, "నన్ను చూసి నేర్చుకోండి. పన్నెండు రోజుల పని నేనే ఒక్క క్షణంలో తుడిచేసుకున్నాను" అని. నవ్వుతూనే అంది. కానీ తర్వాత ఒక చిన్న వరుస రాసి, ఎంటర్ మీద వేలు పెట్టి ఒత్తలేకపోయింది. ముందు బెంచీ పిల్లను పిలిచి "సరిగ్గుందా చూడమ్మా" అంది. ఆ పిల్ల చూసి సరే అన్నాకే ఒత్తింది. దాని వేలు వణకడం వెనక బెంచీ నుంచి కూడా కనబడింది నాకు. ఆ వణుకు నాది. నా ఇంట్లోంచి పోయింది.

బిడ్డా, కలం ఎందుకు ఆగింది? రాయి.

ఆ సీటు ఈ ఏడు మళ్ళీ వచ్చింది. ఈసారి సారు నీ పేరు ఒక్కటే చెప్పాడు. దరఖాస్తు నింపి పెట్టి వారమవుతోంది, పంపడం లేదు. 'నాతోని కాదమ్మా, మళ్ళ ఏదన్న కరాబు చేస్త. మెడికల్ షాపుల చూసుకుంట' అంటున్నావు. నువ్వు ఏదీ కరాబు చెయ్యలేదు. నువ్వు శనివారం బస్సు దిగేసరికి ఆ అర్ర రెండు రోజులుగా ఖాళీగా ఉంది. ఆరు వందల నలభై నాలుగు అబద్ధం. ఆరు వందల తొంభై అబద్ధం. ఎంటర్ ఒత్తింది ఎదురింటామె, పిలిచింది నేను, ఆగమని అననిది నేను, దాచింది నేను. నీ చేతిలో ఏ తప్పూ లేదు.

ఇది పుస్తకంలో వెయ్యి, వెయ్యకపో, నీ ఇష్టం. నామీద కోపం పెట్టుకుంటే పెట్టుకో, ఏడాది పెట్టుకున్నా సరే. నేను ఏ తెర ముందూ ఇంత భయపడలేదు, ఇప్పుడు నీ మొహం చూడడానికి భయపడుతున్నాను. కానీ తల ఎత్తే ముందు ఒక్క పని చెయ్యి. నేను చెప్పింది కాగితం మీద పడ్డదా లేదా నాకు తెలియాలి. కళ్లు తుడుచుకో. గురువారం పొద్దున కరెంటు పోయిందన్న కాడ్నుంచి చదువు బిడ్డా, గట్టిగ చదువు, నేను వింట.